విడిభాగం నంబరు నాలుగు

మా ఊరి కంప్యూటర్‌కి జబ్బు చేసిన నాలుగో రోజున ప్రభుత్వం దాన్ని చిరంజీవిని చేసింది. ఆ రోజు నుంచి దానికి బాగుపడే హక్కు పోయింది.

మా ఊరు నత్తలవారిపాలెం. కృష్ణ నీళ్ళు పెద్ద కాలవలోంచి చిన్న కాలవలోకి, చిన్న కాలవలోంచి పిల్లకాలవలోకి దిగి, దారిలో అందరికీ దండం పెట్టుకుంటూ వచ్చి, ఇక ఓపిక లేక ఆగిపోయే చోట ఉంటుంది. పంటకాలంలో పై అధికారులు తలుపులు ఎత్తితే మా పిల్లకాలవలో ఎనిమిది రోజులు నీళ్ళు పారతాయి. ఆ ఎనిమిది రోజుల్లో నలభై ఆరుమంది రైతులు వంతులవారీగా తూములు ఎత్తుకుని పొలాలు తడుపుకోవాలి. ఎవరి వంతు ఎప్పుడో ఎవరు చెప్పాలి? మా ఊరి చరిత్ర మొత్తం ఈ ఒక్క ప్రశ్నే.

వెనకటికి ఆ జాబితా మనుషులు రాసేవారు. ఏ మనిషి రాసినా రెండో పేరు చదివేసరికి తూర్పు బజారు లేచి నిలబడేది. నాలుగో పేరు దగ్గర పడమర బజారు కర్రలు వెతుక్కునేది. జాబితా పూర్తిగా విన్న మనిషి ఊళ్ళో ఎవరూ లేరు.

అలాంటి ఊళ్ళోకి 1987లో, హైస్కూలు పేరు మీద, ఒక కంప్యూటర్ వచ్చింది. ఇళ్ళల్లో పెట్టుకునే రకం. యంత్రమంతా కీబోర్డులోనే ఇమిడి ఉంటుంది. టీవీకి తగిలిస్తే ఆ టీవీయే దాని మొహం. టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టి నొక్కితే అయిదు నిమిషాల సేపు వానాకాలపు కప్పల్లా అరిచి, ఆ అరుపుల్లోంచే ప్రోగ్రాంని లోపలికి ఎక్కించుకునేది. లెక్కల మాస్టారు సుందరరామయ్య గారు పిల్లలకి కూడికలు నేర్పమని వచ్చిన ఆ యంత్రానికి నీటి వంతులు నేర్పారు. రెండువందల పద్నాలుగు లైన్ల ప్రోగ్రాం. క్రితంసారి ఆఖర్న ఉన్నవాడు ఈసారి ముందు. ఎకరాలను బట్టి గంటలు. చివరి పొలాలకి దారిలో ఇంకిపోయే నీటికి బదులుగా కొంత ఎక్కువ సమయం. ఈ మాటే మనిషి చెబితే తన్నులు తినేవాడు. టీవీ మీద తెల్లటి అక్షరాల్లో కనిపించేసరికి ఊరంతా నోరు మూసుకుంది. మిషను ఎవరింట్లోనూ భోంచెయ్యదు కదా!

అప్పట్నుంచి వంతులు తేలే రోజు ఊరికి పండగైంది. తరవాత మాస్టారు పోయారు, హైస్కూలు పక్క ఊరికి పోయింది, ఆ గది నీటి సంఘం ఆఫీసైంది. నేను ఆ సంఘంలో గుమాస్తాను. కంప్యూటర్ మాత్రం ఉన్నచోటే ఉండి వంతులు చెబుతూ వచ్చింది. చెప్పించింది ఏసుపాదం.

ఏసుపాదం రేడియో మెకానిక్కు. ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి ఆ యంత్రం మూత విప్పాడు. ఇప్పుడు అరవై దాటాయి. ఈలోగా దాని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పాత స్టెబిలైజరులోది తీసి వేశాడు. పొడుగు మీట విరిగితే తాటిచెక్కతో చెక్కి పెట్టాడు. మీటల మీద అక్షరాలు అరిగిపోతే ఆయన భార్య కరుణమ్మ గోళ్ళరంగుతో దిద్దింది. క్యాసెట్టు నలిగినప్పుడల్లా ప్రోగ్రాం మొత్తం చేత్తో కొట్టి ఎక్కించాడు. ఈ ఏడు క్యాసెట్టు బెడదే లేకుండా వేలిగోరంత మెమరీ కార్డు పెట్టి యంత్రాన్ని కాస్త కొత్తకాలంలోకి లాగాలని కూడా అనుకున్నాడు.

ఆశ్వయుజంలో ఒక ఆదివారం మీట నొక్కితే టీవీ మీద గీతలు వచ్చాయి, గదిలోకి కాలిన వాసన వచ్చింది. ఏసుపాదం మూత విప్పి చూశాడు.

"మూడు కండెన్సర్లు ఉబ్బిపోయినై. ఒక మెమరీ ఐసీ పోయింది. బెజవాడ నుంచి తెప్పించాలి. తెస్తే అరపూట పని" అన్నాడు.

నీళ్ళు వదిలేది తొమ్మిది రోజుల తరవాత వచ్చే మంగళవారం. ఈ మాట వినగానే అందరికన్నా ముందు నేలమీద కూలబడింది పోతురాజు నాంచారమ్మ. ఆవిడది పిల్లకాలవ చిట్టచివర రెండెకరాలు. భర్త పోయాక ఆవిడే దుక్కి, ఆవిడే నాట్లు. ఆవిడ పొలం దాటితే ఉప్పునేల. వరి పొట్ట మీదుంది. ఈ తడికి నీళ్ళు అందకపోతే కంకులు తెల్లగా, తాలుగా బయటికొస్తాయి. జాబితా లేకపోతే ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. పైన ఎత్తిన తూములు ఎత్తినట్టే ఉంటాయి. నాంచారమ్మ పొలానికి నీళ్ళు రావు, నీళ్ళు వదిలారన్న కబురు వస్తుంది.

నీటి సంఘం అధ్యక్షుడు బసవపున్నయ్య గారు. కాలవ మొదట్లో ఎనిమిదెకరాల ఆసామి. ఆయనతో ఏసుపాదం మొహమాటంగా అన్నాడు:

"ఆ ప్రోగ్రాం నాకు నోటికొచ్చండీ. సామాను టయానికి రాకపోతే ఈసారికి నేనే లెక్కేసి చెప్పేస్తా."

బసవపున్నయ్య గారు నవ్వారు. కోపం లేని నవ్వే. "నువ్వు బాగు చెయ్యి ఏసుపాదం. చెప్పడం అది చెప్పుద్ది" అన్నారు. "కాదంటే మా మేనల్లుడి దగ్గర కొత్త లాప్‌టాప్ ఉంది. దాంట్లో ఏయిద్దాం."

"నీ మేనల్లుడి సంకలో కంప్యూటరు నీ తూము కాడే ఆగుద్దిలే బాబాయ్" అంది నాంచారమ్మ కూలబడ్డ చోటునుంచే. రెండు బజార్లూ అవునంటే అవునన్నాయి. రెండు బజార్లూ ఒక మాట మీదికి రావడం చూసి బసవపున్నయ్య గారు లాప్‌టాప్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బుధవారం పొద్దున బెజవాడ బస్సులో సామాను వచ్చింది. ఏసుపాదం లుంగీ ఎగ్గట్టి, బనీనుతో, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. రెండు రోజుల గడ్డం. పక్కన సగం తాగిన టీ గ్లాసు. సోల్డరింగ్ ఐరను కాలుతోంది. నాంచారమ్మ గుమ్మంలో కూర్చుని, ప్రసవం కోసం ఎదురుచూసే తల్లిలా చూస్తోంది. ఏసుపాదం ఐరను చేతిలోకి తీసుకున్నాడో లేదో బయట జీపు ఆగింది.

దిగినాయన తెల్ల చేతితొడుగులు వేసుకుని ఉన్నారు. గుమ్మంలో చెప్పులు విడిచి, యంత్రాన్ని చూసి, పెళ్ళికూతుర్ని చూసినంత సిగ్గుగా నవ్వారు. తరవాత గడియారం చూసుకున్నారు.

"ఎవరూ కదలకండి! ఇప్పుడు సమయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఈ క్షణము నుండి ఇక్కడ ఏది ఎట్లున్నదో అది అట్లే ఉండవలెను."

ఆయన పేరు విరూపాక్షరావు గారు. ప్రాచీన గృహగణనయంత్ర పరిరక్షణ సంస్థకు ప్రాంతీయ సంరక్షకులు. ఆ సంస్థ పుట్టి ఆరు నెలలైంది. ముప్పై అయిదేళ్ళు దాటిన ప్రతి ఇంటి కంప్యూటరూ జాతి సంపద అనీ, దాన్ని దొరికిన స్థితిలోనే కాపాడాలనీ ప్రభుత్వ ఉత్తర్వు. జిల్లా మొత్తంమీద ఇంకా పెట్టెలోకి పోకుండా బల్ల మీద ఉన్నది మాదొక్కటేనట. విన్నప్పుడు మాకు గర్వంగానే అనిపించింది.

"మంచిదండీ" అన్నాడు ఏసుపాదం. "ఈ మూడు కండెన్సర్లు మార్చేస్తే లేచి కూచుంటది. మీరు కళ్ళారా చూసిపోవచ్చు."

విరూపాక్షరావు గారు కాలిన చెయ్యి లాక్కున్నట్టు వెనక్కి జరిగారు. "మార్చుటయా! ఆ మూడింటి వయసెంతో తెలియునా మీకు? అవి ఉబ్బుటకు ముప్పై ఆరు సంవత్సరాలు పట్టినది. మీరు ముప్పై నిమిషాలలో తీసివేసెదరా?"

"తీసేస్తే పనిచేస్తదండీ."

"పనిచేయుట దాని గతం. ఉండుట దాని వర్తమానం" అన్నారాయన. ఈ వాక్యం ఆయన చాలా ఊళ్ళల్లో చెప్పినట్టుంది. చివర్లో కాసేపు ఆగారు, మేం చప్పట్లు కొడతామేమోనని.

తరవాత పట్టిక మొదలైంది. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఉబ్బిన కండెన్సర్లు మూడింటికి లోపం నంబరు ఒకటి, రెండు, మూడు అని చీటీలు కట్టారు. చచ్చిన ఐసీకి లోపం నంబరు నాలుగు. దుమ్ము ఒక పొర. వెనక చిల్లులో ఎండిపోయిన బొద్దింక ఒకటి, దానికి 'దీర్ఘకాలిక నివాసి' అని రాయించారు. సగం తాగిన టీ గ్లాసు ఒకటి. సోల్డరింగ్ ఐరను ఒకటి, వేడిగా ఉన్నది.

చివరి మాట దగ్గర కలం ఆపి అడిగాను. "అయ్యా, అది కాసేపట్లో చల్లారిపోతుంది గదా?"

"చల్లారరాదు" అన్నారు. "దొరికిన స్థితి వేడి. వేడిగనే ఉండవలెను."

మా ఊళ్ళో కరెంటు రోజుకి మూడుసార్లు పోతుంది. ఐరను చల్లారితే జాతి సంపదకి నష్టం జరిగినట్టు కాబట్టి సాయంత్రానికి సంస్థ వారి ఇన్వర్టర్ దిగింది. పొలాల మోటార్లకి లేని కరెంటు ఆ ఐరనుకి వచ్చింది. టీ గ్లాసుకి కూడా ఏర్పాటు జరిగింది. పొద్దున్నే హోటల్నుంచి నిండు గ్లాసు తెప్పించి, సగం పారబోసి, గీత దగ్గర పెట్టేవారు. దాన్ని తాగడం మాత్రం నేరం. బల్ల చుట్టూ పన్నెండడుగుల దూరంలో ఎర్ర తాడు కట్టారు. ఏడు రోజులు పరిశీలన చెయ్యాలని విరూపాక్షరావు గారు ఆ గదిలోనే మడతమంచం వేసుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. రాత్రిళ్ళు బొద్దింక మీద చీమలు పడతాయని లేచి లేచి చూసేవారు.

మర్నాడు నేనూ ఏసుపాదం మరమ్మతుకి దరఖాస్తు పెట్టాం. ఆయన సంతోషంగా తీసుకున్నారు.

"మరమ్మతు నిషిద్ధమని మేమెన్నడూ అనలేదు. జతచేయవలసిన పత్రాలలో ఒక్కటి తక్కువైనది."

"ఏదండీ?"

"యంత్రము సక్రమముగా పనిచేయుచున్నదను ధ్రువపత్రము."

ఏసుపాదం నా వంక చూశాడు. నేను విరూపాక్షరావు గారి వంక చూశాను. ఆయన ఓపిగ్గా వివరించారు. పనిచెయ్యని యంత్రాన్ని బాగు చేస్తే అది పనిచేసే యంత్రం అవుతుంది, అనగా వేరే యంత్రం అవుతుంది, అనగా ఉన్నదాన్ని నాశనం చేసినట్టే. పనిచేసే యంత్రాన్ని బాగుచేస్తే ఆ ప్రమాదం లేదు.

"పనిచేసేదాన్ని బాగుచెయ్యడం దేనికండీ?"

"అందుకే అట్టి దరఖాస్తులు మాకు తక్కువగా వచ్చును" అన్నారు.

నాంచారమ్మ రోజూ వచ్చి తాడు ఇవతల కూర్చునేది. శుక్రవారం నాడు వరిదుబ్బు ఒకటి పీక్కొచ్చి పొట్ట చీల్చి నాకు చూపించింది. లోపల కంకి పాలరంగులో, ముట్టుకుంటే మాసిపోయేటట్టుంది. "నేలంతా నెర్రెలిచ్చింది. మంగళారం దాకా ఆగుద్ది. ఆ పైన ఆగదు" అంది. విరూపాక్షరావు గారు దుబ్బుని కూడా పరీక్షగా చూసి, ముప్పై అయిదేళ్ళ లోపుదే అని నిర్ధారించి వెనక్కిచ్చారు.

శనివారం కథ మలుపు తిరిగింది. ఆయన భూతద్దంతో యంత్రం లోపల చూస్తూ స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మర్ కనిపెట్టారు. మేం భయపడ్డాం. ఆయన పొంగిపోయారు. పాత మరమ్మతులన్నీ 'స్థానిక సంప్రదాయం'లోకి వస్తాయట. మరమ్మతు చెయ్యడం నేరం గానీ, చేసేసిన మరమ్మతు వారసత్వం. ట్రాన్స్‌ఫార్మర్ విడిభాగం నంబరు ఒకటైంది. తాటిచెక్క మీట రెండు. టీవీ మూడు.

"యంత్రమును ఏ విధముగ ప్రారంభించెడివారు? చెప్పండి, నమోదు చేయవలెను."

బసవపున్నయ్య గారే చెప్పారు. "ఏవుందండీ, ఏసుపాదం దాని ఎడం పక్కన అరిచేత్తో ఒక్కటిచ్చి, 'లే అమ్మా' అంటాడు. లెగుద్ది."

"వేరొకరు కొట్టినచో?"

"నేను కొట్టాను, చెయ్యి వాచింది" అన్నాను. "ఇంకో పదిమంది కూడా కొట్టి చూశారు. లెగలేదు."

విరూపాక్షరావు గారు నిబంధనల పుస్తకం తీశారు. పద్నాలుగో నిబంధన. ఏది లేనిచో యంత్రము నడవదో, దేని స్థానమున మరొకటి పనికిరాదో, అది యంత్రము యొక్క అనివార్య విడిభాగము. పుస్తకం మూసి ఏసుపాదం వంక చూశారు. ఆ చూపు నాకు తెలుసు. బుధవారం కండెన్సర్ల వంక అలాగే చూశారు.

"విడిభాగం నంబరు నాలుగు" అన్నారు.

"నేను మనిషినండీ" అన్నాడు ఏసుపాదం.

"అది మీ వ్యక్తిగత విషయం."

పావుగంటలో రెండు ముద్రలు వేసిన చీటీ ఒకటి ఏసుపాదం మెడలో పడింది. తాడు లోపలే ఉండాలి. దొరికిన స్థితిలోనే ఉండాలి. దొరికిన స్థితికి ఫోటో ఉంది: లుంగీ, బనీను, నుదుటి మీద కళ్ళజోడు, రెండు రోజుల గడ్డం. కళ్ళజోడు కళ్ళ మీదికి దించడానికి వీల్లేదు. గడ్డం అప్పటికి అయిదు రోజులకి పెరిగిపోయింది కాబట్టి మంగలి పిచ్చయ్యని పిలిపించి దాన్ని మళ్ళీ రెండు రోజులకి తెమ్మన్నారు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న పిచ్చయ్య కత్తి పట్టుకుని చాలాసేపు ఆలోచనలో పడ్డాడు.

మధ్యాహ్నం కరుణమ్మ క్యారియర్ తీసుకుని వచ్చింది. చీటీ చదివింది. ఆర్డరు కాగితం అడిగి తీసుకుని అది కూడా చదివింది.

"ఇందులో ఈయన్ని ఎవురూ మార్చకూడదని రాసుందా?"

"ఏ విధమైన మార్పు చేయరాదమ్మా" అన్నారు విరూపాక్షరావు గారు.

"ముప్పై ఏడేళ్ళ నుంచి మారుద్దామని చూస్తన్నా. నా వల్ల కాలా. అదేదో ముందే చెప్తే నాకింత శ్రమ లేకపోను!" అని క్యారియర్ విప్పింది. "జొన్నరొట్టె. ఈయనకి షుగరు. పెట్టొచ్చా, అదీ కూడదా?"

ఆయన పుస్తకం తిరగేశారు. "ఇంధనం అనుమతింపదగినదే."

"తిను ఇంధనం" అంది కరుణమ్మ మొగుడికి ముక్క తుంచి ఇస్తూ. "ఆ మిషను జోలికి పోయి పోయి నువ్వూ దాంట్లో కలిసిపోయావు. పిల్లల పేర్లన్నా గుర్తున్నాయా?"

ఏసుపాదం నవ్వలేదు. "కరుణా, సోమవారం జాబితా రావాల. రాకపోతే నాంచారమ్మొదిన పొలం పోద్ది. సామానంతా బల్ల మీదే ఉంది. ఐరను కూడా కాలతానే ఉంది. చెయ్యి చాపితే అందుద్ది" అన్నాడు. చెయ్యి చాపితే అందే దూరంలోనే విరూపాక్షరావు గారి మడతమంచం కూడా ఉంది.

సోమవారం వచ్చింది. అలవాటు కొద్దీ ఊరంతా వచ్చి తాడు చుట్టూ కూర్చుంది. ఇటు తూర్పు బజారు, అటు పడమర బజారు. టీవీ నల్లగా ఉంది. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియక టీవీనే చూస్తున్నారు. కాలవ మొదట్లో పొలాలున్నవాళ్ళ మొహాల్లో దిగులుంది గానీ, మరీ అంత దిగులు లేదు.

విరూపాక్షరావు గారికి వేరే దిగులు పట్టుకుంది. బొత్తిగా పనిచెయ్యని యంత్రాలు మూడో శ్రేణిలోకి పోతాయట. పాక్షికంగా పనిచేస్తే రెండో శ్రేణి. ఫలితం ఇచ్చేది మొదటి శ్రేణి. మొదటి శ్రేణి యంత్రాన్ని కనిపెట్టిన సంరక్షకుడు రాష్ట్రంలో ఇంతవరకు లేడు. ఈ సంగతి ఆయన నాతో రెండుసార్లు చెప్పుకుని నిట్టూర్చారు. రెండోసారి నాంచారమ్మ వింది.

ఆవిడ లేచి తాడు దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఒక మాట. ఏసుపాదం మిషను ముక్కేనా?"

"ముక్క అనరాదు. అనివార్య విడిభాగం."

"ఏదో ఒకటి. కాయితం మీద రాశారా?"

"రాసితిమి."

"ముద్రేశారా?"

"రెండు ముద్రలు వేసితిమి."

"మా అన్న కొడుకు మోటారుసైకిలుకి హారను పోయింది. లైటు మాత్రం ఎలుగుతానే ఉంది. ఎలగొద్దని మేం అన్లేదు. మరి ఈ మిషనులో ఆ ముక్కలు పోతే పోయినై, ఈ ముక్క శుభ్రంగా ఉంది గదా. దాన్ని పనిచెయ్యొద్దని మీ పుస్తకంలో ఉందా?"

ఆయన పుస్తకం తీశారు. ఒక పేజీ చదివారు. ఇంకో పేజీ చదివారు. కూర్చుని మళ్ళీ మొదటి పేజీ చదివారు. తల ఎత్తేసరికి ఆ మొహంలో వెలుగొచ్చింది.

"విడిభాగము పనిచేయుట నిషిద్ధము కాదు! దొరికిన నాడు పనిచేయుచున్నది గనుక, పనిచేయకుండుటయే స్థితిభంగము! విడిభాగం నంబరు నాలుగు ద్వారా వెలువడిన ఫలితము యంత్రఫలితముగనే నమోదగును." చేతితొడుగులు సర్దుకున్నారు. "ప్రారంభింపవచ్చును."

బసవపున్నయ్య గారు కండువా దులుపుకుని లేచారు. "అదెట్టండీ! ఏసుపాదం చెబితే మేం వినడవేంటి?"

"ఏసుపాదం ఎవరు?" అన్నారు విరూపాక్షరావు గారు నిజంగానే తెలియనట్టు. "ఆ పేరిట ఇక్కడ ఏ వస్తువూ నమోదు కాలేదు."

 ఏసుపాదం తాడు లోపల బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.  తరవాత నాతో, "వంతుల పుస్తకం తీసి పేర్లు చదవండి. ఎకరాలు, కిందటిసారి వంతు. నేను కళ్ళజోడు దించకూడదు గదా" అన్నాడు.

నేను చదువుతూ పోయాను. ఏసుపాదం కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తూ, ఒక్కో పేరునీ రెండువందల పద్నాలుగు లైన్లలోంచి నడిపించాడు. మధ్యమధ్య "తొంభయ్యో లైనుకి పో", "మళ్ళా వెనక్కి రా" అని గొణిగేవాడు. మొదట్లో కుర్రకారు కిసుక్కుమంది. పదో పేరుకి నవ్వులు ఆగిపోయాయి. ఇరవయ్యో పేరుకి, టీవీ ముందు కూర్చున్నప్పటిలాగే, జనం పిల్లల్ని సద్దు చెయ్యొద్దని కసరడం మొదలుపెట్టారు. పన్నెండు నిమిషాల పనికి మూడు గంటలు పట్టింది. పాత యంత్రం, ఆ మాత్రం నిదానిస్తుందిలే అని సరిపెట్టుకున్నారు.

ఏసుపాదం కళ్ళు తెరిచాడు.

"ఒకటి. పోతురాజు నాంచారమ్మ. రెండెకరాలు. మంగళవారం ఉదయం ఆరు నుంచి పదకొండున్నర దాకా."

నాంచారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మిగతా పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. బసవపున్నయ్య గారి పేరు నలభై అయిదోది. కిందటిసారి రెండోది. ఆయన మళ్ళీ లేచారు.

"ఇదేం లెక్కయ్యా! ఆ చివర రెండెకరాలకి అయిదున్నర గంటలా? కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూడు ఏసుపాదం!"

"యంత్రముతో వాదింపరాదు!" విరూపాక్షరావు గారు తాడుకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "మీరు బిగ్గరగా మాటలాడిన కంపనమునకు విడిభాగము దెబ్బతినవచ్చును."

"మిషను చెప్పింది గదా, కూచో బాబాయ్" అని పడమర బజారు నుంచి ఎవరో అన్నారు. బసవపున్నయ్య గారు ఆ వైపు చూశారు. తూర్పు బజారు తనదే కదా అని ఇటు చూశారు. ఇటువాళ్ళు తమతమ వంతులు చేతిమీద రాసుకునే పనిలో ఉన్నారు. ఆయన మేనల్లుడు అప్పటికే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మాస్టారి సూత్రాల ప్రకారమే అంకెలు కొడుతున్నాడు. కొట్టి కొట్టి తల గోక్కున్నాడు.

"కరెక్టే మావయ్యా. నిమిషం కూడా తేడా లేదు."

బసవపున్నయ్య గారు కూర్చున్నారు. విరూపాక్షరావు గారు మొదటి శ్రేణి అని రాసి, దానికింద గీత గీసి, ఆ గీత వంకరగా వచ్చిందని ఇంకో గీత గీశారు.

మంగళవారం ఆరు గంటలకి పిల్లకాలవలోకి నీళ్ళు దిగాయి. మొదటి వంతు చివరి పొలానిది కాబట్టి దారిలోని నలభై అయిదు తూములూ మూసి ఉండాలి. ఉన్నాయి. ఎవరి తూము వాళ్ళు చూసుకోలేదు గానీ, పక్కవాడి తూము మూసుందో లేదో చూడటానికి ఊరంతా గట్ల మీదే ఉంది. నేను నీళ్ళ మొదటి నురగ వెంబడే నడిచాను. బసవపున్నయ్య గారి తూము దగ్గర పలకకి సందుందేమోనని ఆయనే కాలితో మట్టి అదిమి, మమ్మల్ని చూడకుండా వెళ్ళిపోయారు.

పన్నెండు గంటలకి నేను ఆఫీసుకి తిరిగి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి నాంచారమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. చేతిలో పార.

"సందర్శకులు పార బయట ఉంచవలెను" అన్నారు విరూపాక్షరావు గారు.

ఆవిడ పార గోడకి ఆనించి, తాడు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఏసుపాదం" అంది. "మిషనుకి కాదు, నీకు చెప్పి పోదామని వచ్చా. బెత్తెడు నీళ్ళు నిలబడ్డాయయ్యా."

ఏసుపాదం ఆవిడ వంక చూశాడు. సరిగా కనపడక చెయ్యి నుదుటి మీది కళ్ళజోడు దాకా పోయి, ఆగి, కిందికి వచ్చింది.

"మూల మడిక్కూడా ఎక్కినయ్యా? అక్కడ మెరక గదా వదినా."

"ఎక్కినై. గట్టు మీద కూచుని చూశా. నెర్రెలన్నీ తాగి తాగి, మూసుకున్నై."

"అయితే ఆ ఇంకుడు లెక్క, నూట డెబ్బయ్యో లైను, సరిగ్గానే ఏశా" అన్నాడు.  గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాంచారమ్మ ఇంకాసేపు నిలబడి, పార తీసుకుని వెళ్ళిపోయింది.

విరూపాక్షరావు గారు టార్చిలైటు తీసుకుని తాడు లోపలికి వెళ్ళారు. ఏసుపాదం మొహం మీద వెలుతురు వేసి చూశారు. పైకప్పు వంక చూశారు. పెంకులన్నీ జాగ్రత్తగా ఒక్కొక్కటే చూశారు. తిరిగి వచ్చి నన్ను పుస్తకం తియ్యమని, నెమ్మదిగా చెప్పారు. నేను రాసుకున్నాను.

'మంగళవారం, పన్నెండు గంటల పది నిమిషములు. విడిభాగం నంబరు నాలుగు పైభాగమున తేమ గమనింపబడినది. పైకప్పు కారుట లేదు. కారణము తెలియరాలేదు.'